చప్పుడు చెయ్యని డబ్బా

చదివే గది,
జూన్ 3

ప్లీడరు తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఆశీస్సులు అని రాశాను గానీ, చేతిలో ఉన్నది మాత్రం కర్రే.

రెండు నెలల్లో పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఒక్కసారీ ఎత్తలేదు. మెసేజ్ పెడితే "బిజీ" అని ఒక్క ముక్క. మీ ఆఫీసుకి చేస్తే "సార్ రోజూ వస్తున్నారండీ, బాగానే ఉన్నారు" అన్నారు. అంటే మనిషివి బాగానే ఉన్నావు, నాతో మాట్లాడటమే మానేశావు. సరే, ఉత్తరమైతే చింపే ముందైనా ఒకసారి చూస్తావని రాస్తున్నాను.

ఆ రోజు ఫోన్లో నేనన్న మాట మనసులో పెట్టుకున్నావని తెలుసు. "ఎప్పుడొస్తావురా" అని మూడుసార్లు అడిగాను. ఒకసారి "తిన్నాను" అన్నావు, ఒకసారి "అవును" అన్నావు, మూడోసారి "వాన లేదు" అన్నావు. ఎవరికైనా ఒళ్ళు మండదూ? "నీకు మనుషుల మాట వినే ఓపిక లేదు, అందుకే మీ ఆవిడ వెళ్ళిపోయింది" అనేశాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. అయినా అందులో అబద్ధం ఏముంది? చూశావా, మళ్ళీ మొదలుపెట్టాను. వదిలెయ్.

ఇప్పుడు అవసరం నాది. బడి నుంచి రిటైరయ్యాక నేను చేస్తున్న పని నీకు తెలుసు, కళ్ళు కనపడని వాళ్ళ గ్రంథాలయానికి పుస్తకాలు చదివి రికార్డు చేసిస్తున్నాను. ఆ కంప్యూటరు మొన్న కన్నుమూసింది. రిపేరు షాపాయన వచ్చి మూత తీసి చూసి, పెదవి విరిచి, లోపలి సామానంతా కొత్తది వెయ్యాలన్నాడు. "పైన డబ్బా మీ ఇష్టం మేడమ్, డబ్బాలో ఏముంది" అన్నాడు. నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. "మా తమ్ముడు ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్ల పత్రికలో ఆ డబ్బాలే చూసి మార్కులు వేస్తున్నాడయ్యా" అన్నాను. మీ ఆఫీసులో వాటిని కేసులంటారని అమ్మ "మావాడు కేసులు చూస్తాడు" అని వీధంతా చెప్పి నిన్ను ప్లీడర్ని చేసింది గుర్తుందా? ఎదురింటాయన స్థలం గొడవ కాగితాలు కూడా పట్టుకొచ్చాడు పాపం.

నాకు కావలసింది ఒక్కటే, చప్పుడు చెయ్యని డబ్బా. మైకు దాని పక్కనే ఉంటుంది. ఏది కొనాలో చెప్పు. నామీద కోపం డబ్బా మీద చూపించకు.

అక్క

*

పరీక్ష గది,
జూన్ 11

అక్కయ్యకు,

నీ కర్ర అందింది. కోపమేమీ లేదు. ఫోన్ సరిగ్గా పనిచెయ్యట్లేదు, కొత్తది కొనాలి. ఈలోగా ఉత్తరాలే నయం. రాసిన మాటని మళ్ళీ చదువుకోవచ్చు.

డబ్బాలో ఏముందన్న ఆ షాపాయన్ని ఒకసారి నా దగ్గరికి పంపు. అందరూ డబ్బా కొనేటప్పుడు ముందు లైట్లు చూస్తారు. నేను ముందు వేలితో చూస్తాను. పక్క రేకు తీసి లోపలి అంచు మీద వేలు నడిపిస్తాను. చవకరకం అంచు బ్లేడులా కోస్తుంది. నా చూపుడు వేలి మీద ఆరు గీతలున్నాయి, ఏ గీత ఏ కంపెనీదో కళ్ళు మూసుకుని చెబుతాను. తర్వాత రేకుని బొటనవేలితో నొక్కుతాను. లొంగిందంటే ఫ్యాను తిరిగినప్పుడల్లా వణుకుతుందన్నమాట.

ఆ తర్వాత గాలి. చల్లగాలి ముందు నుంచి లోపలికి రావాలి, వేడి వెనక నుంచి పోవాలి. ఈమధ్య ముందంతా అద్దం బిగించి అందం అంటున్నారు. మనిషి ముక్కు మూసి పరుగెత్తమన్నట్టు. దుమ్ము ఆపే జల్లెడ కింద ఉంటుంది. అది ముందువైపుకి లాగితే రావాలి. వెనకవైపుకి లాగేదైతే డబ్బా మొత్తం జరపాలి, అప్పుడు పుట్టినవాడెవడూ దాన్ని కడగడు. వైర్లు వెనక దాచుకోవడానికి రెండు వేళ్ళ సందు ఉండాలి. ఆన్ చేసే మీట కిందుంటే వంగాలి, పైనుంటే దుమ్ము పడుతుంది. నీ మోకాళ్ళకి పైనే మేలు, దుమ్ము తుడుచుకో.

ఇవన్నీ చూసి నీకు పద్నాలుగో నంబరు డబ్బా పంపిస్తున్నాను. పరీక్ష అయిపోయినవి మా దగ్గరే ఉండిపోతాయి, పెద్దాయన, అదే మా మేనేజరు, తీసుకుపొమ్మన్నాడు. నల్లగా, సాదాగా ఉంటుంది. పక్కరేకులకి లోపల మెత్తటి పలక అతికించారు, మూడు ఫ్యాన్లూ వాళ్ళే బిగించి ఇచ్చారు. మోత మీటరు పందొమ్మిది దగ్గర ఆగింది. కానీ మీటరు మోత ఎంతో చెబుతుంది గానీ ఎలాంటి మోతో చెప్పదు. దానికి మనిషి చెవే కావాలి. అందుకే మా పట్టికలో ఆఖరి గడి పేరు "చెవి". ఇరవై రెండేళ్ళుగా ఆ గడి నాదే. పద్నాలుగుకి పదికి తొమ్మిదిన్నర వేశాను. రేకుకి చెవి ఆనించి కూర్చున్నాను, ఏమీ వినపడలేదు.

ఉంటాను.

తమ్ముడు

*

చదివే గది,
జూన్ 29

తమ్ముడికి,

డబ్బా దిగింది. షాపాయన లోపలంతా వేలు పెట్టి చూసి, "అబ్బ, ఎక్కడా గీసుకోలేదు మేడమ్" అని నీకో దండం పెట్టాడు. ఆ దండం ఇందులో మడిచి పంపిస్తున్నాను.

నాలుగు పేజీల ఉత్తరం రాశావు. మూడున్నర పేజీలు డబ్బా. అది ఎలా ఊపిరి పీలుస్తుందో, ఎక్కడ వణుకుతుందో అన్నీ రాశావు. నువ్వెలా ఉన్నావో రాయలేదు, నేనెలా ఉన్నానో అడగలేదు. ఎంత అదృష్టవంతురాలో ఆ డబ్బా.

అడగకపోయినా చెబుతాను. పొద్దున్న నాలుగు గంటలు చదువుతాను. నవలలో ముసలాయన గొంతుతో, అతని కోడలి గొంతుతో, పోట్లాడుకునే అన్నదమ్ముల గొంతులతో, అందరి మాటా నేనే. ఇల్లంతా మనుషులే. మైకు ఆపాక నా సొంత గొంతుతో మాట్లాడటానికి ఒక్కరుండరు. నిన్న పాలవాడు "బాగున్నారా మేడమ్" అంటే, వదలకుండా పావుగంట చెప్పాను. వాడు ఈరోజు పాకెట్టు గుమ్మంలో పెట్టి పారిపోయాడు.

ఫోన్ కొన్నావా?

అక్క

*

పరీక్ష గది,
జూలై 8

అక్కయ్యకు,

ఇంకా కొనలేదు. నేను బాగానే ఉన్నాను. పని ఎక్కువగా ఉంది. ఆఫీసులో మధ్యాహ్నం అందరూ కలిసి తింటారు, నేను మాత్రం ఈమధ్య పరీక్ష గదిలోనే తినేస్తున్నాను, పని తెములుతుందని. బస్సు కూడా మానేశాను. నడక మంచిదట. ఇంటికొచ్చాక పెద్దగా చెయ్యడానికేమీ ఉండదు. వేళకి పడుకుంటాను.

పాలవాణ్ణి వదిలెయ్, పాపం.

తమ్ముడు

*

చదివే గది,
జూలై 24

తమ్ముడికి,

నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు, విను.

గ్రంథాలయంలో నా రికార్డులు విని సరిచూసే ఆయన ఉన్నారు కదా. ఆయనకీ చూపు లేదు, కానీ చెవులు మాత్రం పాము చెవులు. కొత్త డబ్బాతో చదివిన మూడు అధ్యాయాలూ తిప్పి పంపేశారు. "అమ్మా, మీ గదిలో దోమ ఉంది. ముందు దాన్ని చంపి చదవండి" అన్నారు.

నేను చెవి రిక్కించి వింటే నిజంగానే ఉంది, సన్నగా, కీ... అని. రెండు రోజులు దాని వెంట పడ్డాను. తువ్వాలు పట్టుకుని మంచం ఎక్కాను. గదినిండా పొగ పెట్టి నేను బయట కూర్చుని దగ్గాను. దోమతెర కట్టుకుని లోపల మైకు పెట్టుకుని చదివాను. మళ్ళీ తిప్పి పంపారు. "అమ్మా, ఇది చాలా మొండి దోమ."

చివరికి విసుగొచ్చి కంప్యూటరు ఆపేశాను. ఆపిన క్షణంలో దోమ చచ్చిపోయింది.

ఒరేయ్, అది నీ తొమ్మిదిన్నర డబ్బా. చెవిలో ఏం పెట్టుకుని మార్కులు వేశావురా?

అక్క

*

పరీక్ష గది,
ఆగస్టు 1

అక్కయ్యకు,

పద్నాలుగో నంబరులో కీచు లేదు. మీటరు కాగితం నా ముందే ఉంది. మీ షాపాయన మరలు బిగువుగా వేసి ఉండడు, లేదా కరెంటు సరఫరా పెట్టె నాసిరకంది వేసి ఉంటాడు. ఇరవై రెండేళ్ళలో నా గడి మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. మీ గ్రంథాలయం ఆయనకి అనుమానం ఎక్కువేమో కనుక్కో. అందరూ డబ్బా పండితులే.

తమ్ముడు

*

చదివే గది,
ఆగస్టు 9

తమ్ముడికి,

అబ్బో. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

పోట్లాడే ఓపిక లేదు. ఇందులో ఒక పెన్‌డ్రైవు పెట్టాను. ఇరవై నిమిషాల రికార్డు ఉంది. ఆ కంప్యూటరు పక్కనే కూర్చుని చేసింది. పూర్తిగా విను. చివరిదాకా విను. విన్నాక ఏమనిపించిందో రాయి.

అక్క

*

పరీక్ష గది,
ఆగస్టు 17

అక్కయ్యకు,

కోపంగా రాసినందుకు ఏమీ అనుకోకు. రికార్డు చివరిదాకా విన్నాను. అందులో ఏ కీచూ లేదు, శుభ్రంగా ఉంది.

అధ్యాయం ఎంత బాగా చదివావో. ముఖ్యంగా చివర్లో ఆ ఏడుపు ఘట్టం. నిజంగా ఏడుస్తున్నట్టే ఉంది. నీ గొంతు ఏమీ మారలేదక్కా.

తమ్ముడు

*

చదివే గది,
ఆగస్టు 21

తమ్ముడూ,

అందులో అధ్యాయం లేదురా.

పుస్తకమే లేదు. ఆ రోజు ఫోన్లో అన్నదానికి క్షమించమని అడగాలని జూన్ నుంచీ ప్రతి ఉత్తరంలోనూ ప్రయత్నించాను. కలం పట్టుకుంటే ఎత్తిపొడుపే వస్తోంది. మైకు ముందైతే నిజం వస్తుందని, తలుపేసుకుని ఇరవై నిమిషాలు నీతో మాట్లాడాను. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానని చెప్పాను. చివర్లో ఏడ్చింది నేనే.

నీ ఉత్తరం చదివి ముందు నీమీద అసహ్యం వేసింది. ఇంత మనసు లేనివాడా అనుకున్నాను. రెండు రోజులు అన్నం సయించలేదు. ఈ పొద్దున్న మాత్రం "వాన లేదు" గుర్తొచ్చింది. ఎప్పుడొస్తావంటే వాన లేదన్నావు. బస్సు మానేశానన్నావు. అందరితో కూర్చుని తినట్లేదన్నావు.

ఒక్కటే అడుగుతున్నాను. కోపంతో కావాలని అలా రాశావా? లేక నీకు వినపడట్లేదా? మొదటిదైతే నన్ను ఎంత తిట్టాలనుందో అంతా తిట్టు, పడతాను. రెండోదైతే ఒక్క ముక్క రాయి చాలు.

అక్క

*

ఇల్లు,
ఆగస్టు 27

అక్కా,

రెండోదే.

ఒక్క ముక్క చాలన్నావు. మొదలుపెట్టాక ఆగట్లేదు, అంతా రాసేస్తాను.

ఏడాదిన్నర అయింది. ముందు గడియారం అలారం పోయింది, పాడైందని కొత్తది కొన్నాను. అది కూడా మోగలేదు. డాక్టరు చూసి, సన్నని శబ్దాలు ముందు పోతాయన్నాడు, తర్వాత మాటల అంచులు పోతాయన్నాడు. అలాగే అయింది. ఎవరైనా మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. ఫోన్లో మరీ కష్టం. నువ్వు అడిగావు, నేను ఊహించి జవాబు చెప్పాను. నీ రికార్డూ అంతే. గొంతు నీదని తెలిసింది. ఎక్కుతోంది, దిగుతోంది, ఆగుతోంది. కథలో ఏడుస్తున్నారనుకున్నాను. నా అక్క ఏడుస్తుంటే మెచ్చుకున్నాను.

చెవికి మిషన్ పెట్టుకోమన్నాడు డాక్టరు. చెవిలో మిషన్ ఉన్నవాడికి "చెవి" గడి ఎవరిస్తారక్కా? ఈ ఒక్క పని తప్ప నాకింకేం వచ్చు? అందుకే మీటరు చూసి దానికి తగ్గట్టు మార్కులు వేసుకుంటూ వచ్చాను. మీటరు పందొమ్మిది అంటే నేను తొమ్మిదిన్నర అన్నాను. ఎవరూ కనిపెట్టలేదు. నీ దోమ కనిపెట్టింది.

ఇంకో సంగతి. ఆ రోజు నువ్వన్నది ముక్కలుగానే వినపడింది. "ఆవిడ", "వెళ్ళిపోయింది" అన్న రెండు మాటలు అందాయి. మిగతాది నీ మొదటి ఉత్తరంలో చదివాను. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఆవిడ చివరి ఏడాదంతా "పిలిస్తే పలకవు, చెబితే వినవు" అనేది. నాకప్పటికే చెవుడు మొదలైందేమో, వినపడకే పలకలేదేమో అని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ ఆవిడ వెళ్ళి ఆరేళ్ళయింది. అప్పట్లో నా చెవులు బాగానే ఉన్నాయక్కా. వినపడక కాదు, వినలేదు. ఇప్పుడు ఎంత విందామన్నా వినపడదు.

దయచేసి ఎవరికీ చెప్పకు. మా పెద్దాయనకి అసలే వద్దు.

తమ్ముడు

*

చదివే గది,
సెప్టెంబరు 2

నా తండ్రీ,

ఏడాదిన్నర! ఒక్కడివే ఇంత మోశావా. నేనేమో ఇక్కడ కూర్చుని పదకొండుసార్లు చేశాను, పన్నెండుసార్లు చేశాను అని లెక్కపెట్టుకుంటున్నాను. నా నోరు పడిపోను.

అయినా అడగకుండా ఉండలేను, నేను నీ అక్కని. ఎన్ని డబ్బాలకి అలా మార్కులు వేశావు? అవి చూసి ఎంతమంది కొన్నారు? నాకైతే మొండి దోమని నవ్వుకోవడానికి కథ దొరికింది. ఆ గ్రంథాలయం ఆయనలాంటి మనిషి అదే డబ్బా కొని, రోజంతా ఆ కీచు పక్కన కూర్చోవాలంటే? వాళ్ళకి చెవులే కళ్ళురా.

చెవి పోవడం నీ తప్పు కాదు. తొమ్మిదిన్నర నీ తప్పు.

మీ పెద్దాయనకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి. ఉద్యోగం పోతే పోతుంది. పోతే ఏం చేస్తామో నాకూ తెలియదు, తెలుసని అబద్ధం చెప్పను. కానీ వినపడుతున్నట్టు నటిస్తూ గదిలో ఒక్కడివే కూర్చుని తినడం ఉద్యోగమా? డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ మిషన్ సంగతి కూడా చూడు. ఈ రెండు పనులూ అయ్యాకే ఉత్తరం రాయి. అప్పటిదాకా నీతో పచ్చి, మాట్లాడను.

అక్క

*

ఇల్లు,
సెప్టెంబరు 15

అక్కయ్యకు,

రెండు పనులూ అయ్యాయి.

పెద్దాయన ముందు నిలబడి గబగబా చెప్పేశాను. ఆయనేదో అన్నాడు, నేను ఆయన మూతి వైపే చూస్తున్నాను. ఆయనకి అర్థమై కాగితం తీసి రాశాడు: "ఎన్ని?" ముప్ఫై ఒకటి అన్నాను. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ముప్ఫై ఒక్క డబ్బాలూ మళ్ళీ గదిలోకి తెచ్చారు. కొత్తగా చేరిన అమ్మాయి వింది. పద్నాలుగో నంబరు పెట్టగానే మొహం చిట్లించి రెండు చేతులతో చెవులు మూసుకుంది. నేను పక్కనే నిలబడి చూశాను. నాకు ఫ్యాను తిరగడం కనపడుతోంది, అంతే. మొత్తం తొమ్మిదింటికి మార్కులు తప్పని తేలింది. ఆ సవరణ నా పేరుతోనే వేయమన్నాను, వేస్తున్నారు. పట్టికలో "చెవి" గడికి ఎదురుగా నా పేరు కొట్టేసి ఆ అమ్మాయి పేరు రాశారు. అంచులు, గాలి, జల్లెడ, వైర్లు ఈ ఏడాది ఆఖరి వరకు నావే. తర్వాత చూద్దాం అని రాసిచ్చాడు పెద్దాయన. "చూద్దాం" అంటే ఏమిటో ఇరవై రెండేళ్ళుగా నాకు తెలుసు.

మిషన్ రావడానికి నెల పడుతుందట. పెట్టుకున్నా గోలలో మాటలు విడదీసుకోవడం కష్టమేనన్నాడు డాక్టరు.

అందరికీ తెలిశాక మధ్యాహ్నం తినడానికి రమ్మని పిలిచారు. వెళ్ళి కూర్చున్నాను. ఎవరో ఏదో అన్నారు, అందరూ ఒక్కసారి నవ్వారు. ఎందుకో తెలియకుండా నేనూ నవ్వాను. గదిలో ఒంటరిగా తిన్నప్పటికన్నా అప్పుడే ఎక్కువ ఒంటరిగా అనిపించింది. ఇంటికొస్తే ఇంకా నయం. ఆదివారమంతా ఒక్క చప్పుడు లేదు. ఈ ఇల్లే గనక డబ్బా అయితే పదికి పది వేసేవాణ్ణి.

ఆ రికార్డు అప్పుడప్పుడూ పెట్టుకుంటున్నాను. స్పీకరు మీద చెయ్యి వేస్తే నీ గొంతు ఎక్కడ ఆగిందో తెలుస్తోంది. అందులో ఏమన్నావో పూర్తిగా రాసి పంపవా?

తమ్ముడు

*

చదివే గది,
సెప్టెంబరు 24

తమ్ముడికి,

రాసి పంపను. రాయడం చేతకాకే కదా మైకు ముందు కూర్చున్నాను. అది ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట. నువ్వు నా మూతి చూస్తూ ఉండు చాలు. ముప్ఫై రెండేళ్ళు ఆఖరి బెంచీ వాళ్ళకి పాఠం చెప్పిన మూతి ఇది. అర్థం కాకపోతే మళ్ళీ చెబుతాను. మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు చెబుతాను, విసుక్కోను. సరే, ఒకటి రెండుసార్లు విసుక్కుంటాను.

షాపాయన మూడు ఫ్యాన్లూ మార్చాడు. "డబ్బా మాత్రం బంగారం మేడమ్" అంటున్నాడు. గ్రంథాలయం ఆయనకి నెలరోజులు సెలవు చెప్పాను. ఎందుకన్నారు. మా తమ్ముడి దగ్గరికి అన్నాను. "వెళ్ళి రండమ్మా, మేము ఆగుతాం" అన్నారు.

పెట్టె సర్దేశాను. నువ్వు స్టేషనుకి రాకు. ఆ జనంలో నన్ను వెతుక్కుంటూ నువ్వూ, నిన్ను పిలుచుకుంటూ నేనూ, అదొక తతంగం. ఇల్లు నాకు తెలుసు. శనివారం, అక్టోబరు నాలుగున, పొద్దున్న పదకొండింటికి నీ గుమ్మం ముందు ఉంటాను.

నేను గంట నొక్కుతాను, తలుపు బాదుతాను, వీధంతా వినపడేలా నిన్ను పిలుస్తాను. ఏదీ నీకు వినపడదు. అందుకని పదకొండు అయ్యేసరికి తలుపు బార్లా తీసి పెట్టుకుని, గుమ్మం వైపు తిరిగి కూర్చో.

అక్క